ప్రళయకర్త ముక్కు

ఆ మాసపత్రికలో ప్రతినెలా అయిదో తారీఖున ప్రపంచం అంతమయ్యేది. అంతం చేసే పెద్దమనిషి మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో కాపురముండేవాడు. పొద్దున్నే లేచి, పాలు కాచి, సైకిలెక్కి, ఊరి మురుగునీటిని ఎత్తిపోసే పంపింగ్ స్టేషన్‌కి వెళ్ళేవాడు. అక్కడ మూడు మోటార్లకీ, చెత్తని ఆపే ఒక ఇనుప జాలీకీ సాయంత్రం దాకా కాపలా కాసేవాడు. ఇంటికొచ్చి, స్నానం చేసి, చొక్కా మార్చుకుని, వంటగది బల్ల ముందు కూర్చుని మానవజాతిని తుడిచిపెట్టేవాడు. ఇరవై రెండేళ్ళలో ఆ పని రెండు వందల పైచిలుకు సార్లు జరిగింది. నీళ్ళతో, నిప్పుతో, మంచుతో, దుమ్ముతో, ఒకసారి సూర్యుడు అలిగి రానందువల్ల, ఇంకోసారి నల్లులవల్ల. నల్లుల ప్రళయాన్ని సంపాదకుడు తిప్పి పంపాడు. ప్రపంచం ఎంత చెడిపోయినా దానికి అంత హీనమైన చావు రాయనవసరం లేదని ఆయన అభిప్రాయం.

పాఠకులు ఉత్తరాల్లో "ప్రళయం గారికి" అని గౌరవంగా రాసేవాళ్ళు. పంపింగ్ స్టేషన్‌లో ఆ గారు రాలిపోయి ఉత్త ప్రళయం మిగిలింది. "ఒరే ప్రళయం, రెండో మోటారు వేడెక్కింది, చూడు" అని కేక వినబడినప్పుడల్లా, తన చేతిలో అన్నిసార్లు చచ్చిన మానవజాతి ఇంకా తనకే పనులు పురమాయిస్తోందని అతను నిట్టూర్చేవాడు.

ఇంతమందిని ఇన్నిసార్లు చంపినవాడు, తన ఇంట్లోకి నడిచి వచ్చిన ఒకే ఒక్క ప్రళయాన్ని మాత్రం పసిగట్టలేకపోయాడు. అది వస్తోందని అతనికి ఒక ఉత్తరం కూడా వచ్చింది. ఆ ఉత్తరాన్ని అతను ఏం చేశాడో చెప్పడానికే ఇదంతా.

ముందుగా అతని లోటు సంగతి. ప్రళయానికి వాసన తెలియదు. ఏడో ఏట వచ్చిన జ్వరం పోతూ పోతూ ముక్కులో ఉన్నదంతా ఊడ్చుకుపోయి, ముక్కుని మాత్రం ముఖానికి అలంకారంగా వదిలిపెట్టింది. ఉద్యోగం రావడానికి ఆ లోటే కారణం. ఇంటర్వ్యూ మురుగు బావి గట్టునే పెట్టారు. పదకొండు మంది వచ్చారు. తొమ్మిది మంది రుమాళ్ళు తీశారు. పదో అతను తన పేరు చెప్పబోయి, సగంలో ఆపి, గోడ పక్కకి పరుగెత్తాడు. ఇతను ఒక్కడే చేతులు కట్టుకుని, పూలతోటలో నిలబడ్డట్టు చిరునవ్వుతో, అడిగినవాటికల్లా జవాబులు చెప్పాడు. ఇంతటి నిబ్బరం కలవాళ్ళు శాఖకు అరుదుగా దొరుకుతారని ఇంజనీరు కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

పెళ్ళి మాటలు నడుస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చుని అతను ఈ సంగతి కాబోయే భార్యకి చెప్పేశాడు. దాచి పెళ్ళి చేసుకోవడం పద్ధతి కాదనుకున్నాడు.

"పుట్టుకతోనే తెలియదా?" అంది.

"లేదు. జ్వరంతో పోయింది."

"అయితే నేను కూర మాడ్చినా మీరేమీ అనరు."

"అనను."

ఆవిడ "నా ముక్కు ఇద్దరికీ సరిపోతుంది లెండి," అంది. ఆ సంబంధం అక్కడే ఖాయమైంది.

ఆ మాట గొప్ప కోసం అన్నది కాదు. ఆవిడ ఒక పెద్ద లాండ్రీలో బట్టలు తీసుకునే కౌంటర్లో పనిచేసేది. టీ మరక, తుప్పు మరక కంటికి ఒకేలా కనిపిస్తాయి. ముక్కుకి కావు. టీకి ఒక మందు, తుప్పుకి ఇంకో మందు. దీనికి బదులు అది రాస్తే చొక్కాకి చిల్లు పడుతుంది. ఆవిడ మరకని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క క్షణం ఆగి, చీటీ మీద మందు పేరు రాసేది. కిందివాళ్ళ నుంచి యజమాని దాకా అందరూ ఆవిడని ముక్కు మేడమ్ అనేవాళ్ళు. ఆవిడ తమ్ముడు అదే లాండ్రీకి వ్యాను నడిపేవాడు. మూట విప్పకుండానే అది ఏ ఇంటిదో, ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చిందో అక్క చెప్పేస్తుందని ఊరంతా చాటేవాడు. ఇంట్లోనూ అంతే. పాలు విరిగాయనీ, గ్యాసు సరిగ్గా కట్టలేదనీ, ఈ చొక్కా రెండో రోజుకి పనికిరాదనీ తీర్పులన్నీ ఆవిడవే. ఆ తీర్పులకి అప్పీలు లేదు.

ప్రళయం మొదటి కథ రాసి పంపినప్పుడు, దాని వెంట ఒక చిన్న చీటీ తిరిగి వచ్చింది. "ప్రపంచం అంతమైంది, సంతోషం. కాని అది జరుగుతున్నప్పుడు నేను అక్కడ లేను. వాసన ఏదీ?" రాసింది సంపాదకుడు. మనిషి సన్నగా, ఎండిన కొమ్మలా ఉండేవాడు. ఎవరి కథనైనా సగానికి కత్తిరించగలడు కనుక ఆయనకి కత్తెర గారని పేరు. ప్రళయం సెలవు పెట్టి, ఆఫీసుకు వెళ్ళి, వాసనతో పనేమిటని వినయంగా అడిగాడు. కత్తెర గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి బోధించాడు. కళ్ళకి ఏం చూపించినా పాఠకుడు నమ్మడు, వాడు ఎన్నికలకి ముందు చాలా చూసి ఉన్నాడు. చెవులు అంతకన్నా అనుభవం కలవి. మనిషి ఒంట్లో ఇంకా అమాయకంగా మిగిలింది ముక్కు ఒక్కటే. దెబ్బ అక్కడ కొట్టాలి.

కొట్టవలసిన చోటు తెలిసింది గాని, కొట్టేవాడి చేతిలో కర్ర లేదు.

అలా మొదలైంది వాళ్ళ పద్ధతి. అతను కథంతా రాసి, వాసన రావలసిన చోటల్లా పెన్నుతో ఒక సున్నా చుట్టేవాడు. మర్నాడు లాండ్రీ నుంచి వచ్చాక ఆవిడ ఆ కాగితాలు ముందేసుకుని, మరక చూసినట్టే ఒక్కో సున్నా ముందు కళ్ళు మూసుకుని, ఆగి, పెన్సిలుతో అందులో నింపేది. రాసేది కొద్దిగానే. అవతల ఆవిడ పెన్సిలు కదులుతుంటే ఇవతల అతను పరీక్ష పేపరు దిద్దించుకునే పిల్లాడిలా కూర్చునేవాడు.

ఊరు మునిగిపోయే కథలో అతను తెలివి చూపించబోయి, సున్నా పెట్టకుండా తనే "ఉప్పు వాసన" అని రాసేశాడు. ఆవిడ అడ్డంగా గీత గీసింది.

"సముద్రం ఇంట్లోకొస్తే ముందు ఉప్పు రాదండీ. పరుపు కింద, బీరువా వెనకాల, ఎన్నేళ్ళ నుంచో దాక్కున్న తడి వాసన లేస్తుంది. ముందు మన ఇల్లే మన మీదకొస్తుంది. సముద్రం ఆ తర్వాత."

నిప్పు కథలో, మంటలు ఇంకా కొండ అవతల ఉండగా ఊళ్ళో మొదట కాలేది దుమ్మని రాసింది. చలికాలంలో మొదటి రోజు హీటరు పెట్టినప్పటి వాసన అది. అందరూ తమ ఇంట్లోదే అనుకుని గాలి కోసం కిటికీలు తెరుస్తారు. ఆ ఒక్క మాటతో అతని అగ్నిప్రళయానికి కాళ్ళొచ్చాయి. మనుషులు మాయమైపోయే కథలో, దిండు గలీబుల్లో తలనూనె వాసన మూడు వారాలు ఉంటుందనీ, భూమ్మీద మనుషులు మిగిలేది ఆ మూడు వారాలేననీ రాసింది. ఆ నెల పత్రికకి తొంభై ఉత్తరాలొచ్చాయి. లాండ్రీకి గలీబులు తక్కువొచ్చాయని ఆవిడ చెప్పింది. గర్వంగా చెప్పిందో ఫిర్యాదుగా చెప్పిందో అతనికి అంతు చిక్కలేదు.

నూరో ప్రళయానికి పత్రికవాళ్ళు చిన్న సభ చేశారు. కత్తెర గారు లేచి, ఇంతటి ముక్కు ఈ భాషలో మరొకటి లేదని ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. మూడో వరసలో కూర్చుని ఆవిడా కొట్టింది, అందరికన్నా కాస్త ఎక్కువసేపే. ఇంటికి నడిచి వస్తూ, ఇది అన్యాయమనీ, నిజం చెప్పేయడం ధర్మమనీ అతను అన్నాడు.

"ప్రపంచాన్ని తగలబెట్టేది నేనని తెలిస్తే లాండ్రీకి ఎవరు బట్టలిస్తారండీ?" అంది ఆవిడ. "ఊరుకోండి. మీదే ఉండనివ్వండి."

అతనికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ దిగిన బరువు గురించి తర్వాత్తర్వాత అతను చాలా ఆలోచించవలసి వచ్చింది.

పొగడ్తకి ఒక గుణం ఉంది. రోజూ కాస్త కాస్త పోస్తూ పోతే లేని అవయవం కూడా మొలుస్తుంది. అతనికి నెమ్మదిగా ముక్కు మొలిచింది. వాన పడగానే గడపలో నిలబడి గడ్డం పైకెత్తి గాలి పీల్చేవాడు. రొట్టెల దుకాణం ముందు సైకిలు ఆపి "ఆహా" అనేవాడు. బావమరిది ఒకసారి అది చూసి, "బావా, నీకెందుకా గాలి? ముక్కులున్నవాళ్ళకి వదిలెయ్," అన్నాడు. బావమరుదుల మాటలకి నవ్వడం మర్యాద కనుక ప్రళయం నవ్వాడు. లోపల మాత్రం గుచ్చుకుంది. ఇరవై ఏళ్ళయ్యేసరికి, పెన్సిలు రాతలు తన ఆలోచనలకి ఆవిడ రాస్తున్న శుద్ధప్రతి మాత్రమేనని అతను దాదాపు నమ్మాడు.

ఉత్తరం వచ్చింది అప్పుడు. ఇంటికి కాదు, పంపింగ్ స్టేషన్‌కి. మధ్యాహ్నం జాలీలో ఇరుక్కున్న గోనెపట్టాని కొక్కెంతో లాగి పడేసి, చేతులు కడుక్కుని చదివాడు. కత్తెర గారి రాత, నాలుగే వాక్యాలు. "మిత్రమా, గత ఆరు నెలలుగా మీ ప్రళయాలకి వాసన పలచబడింది. జలప్రళయం, అగ్నిప్రళయం ఒకే వాసన వేస్తున్నాయి. కొన్ని మీ పాత కథల్లో చదివినట్టే ఉన్నాయి. ఒంట్లో బాగుందా?"

ఆ చివరి ప్రశ్నని ప్రశ్నగా చదివి, ఎవరి ఒంట్లో అని ఒక్క నిమిషం ఆలోచించి, సాయంత్రం ఇంటికెళ్ళి ఆవిడని అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. ఇద్దరూ ముసలివాళ్ళయి, మోకాళ్ళ నొప్పులతో ఒకరినొకరు విసుక్కుంటూ ఉండేవాళ్ళు. అతను దాన్ని ఎత్తిపొడుపుగా చదివాడు. తన ముక్కుని అంటాడా? భాషలో మరొకటి లేని ముక్కుని? అక్కడే మోటారు గది గోడకి కాగితం ఆనించి జవాబు రాశాడు. తన ఆరోగ్యం దివ్యంగా ఉందనీ, పాఠకుల ముక్కులకి తుప్పు పడితే తన బాధ్యత కాదనీ, ఇకనుంచి తన కథల్లో ముక్కుకి బదులు చెవికి పని చెప్పదలచాననీ ఘనంగా తెలియజేశాడు. కత్తెర గారి ఉత్తరాన్ని మడిచి నీలం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆవిడకి చెప్పలేదు. తనకి జరిగిన అవమానం ఆవిడకెందుకనుకున్నాడు.

అన్న మాట ప్రకారం, మర్నాటి నుంచి అతని ప్రళయాలు చప్పుడు చేయడం మొదలుపెట్టాయి. మోటారు ఆపేశాక కూడా కాసేపు చెవిలో తిరిగే మోత ఉంటుంది, ప్రపంచం ఆగిపోయాక ఆ మోత ఎవరి చెవిలో మిగులుతుందని రాశాడు. గడియారాలన్నీ ఆగిన ఊళ్ళో మనుషులు ఒకరి గుండె ఒకరు వింటూ పొద్దు లెక్కపెట్టుకుంటారని రాశాడు. నిజానికి బాగానే రాశాడు. ఏడెనిమిది ఉండే సున్నాలు రెండుకి తగ్గాయి. ఆ కాగితాలు ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ మొదట్నుంచి చివరి దాకా తిరగేసింది.

"ఈసారి రెండేనా?"

"రెండు చాలు," అన్నాడు, కత్తెర గారి మొహాన కొట్టినట్టు.

ఆవిడ కాగితాలు దొంతరగా సర్ది పెట్టింది. లేచి వెళ్తూ వీపు మీద ఒకసారి చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. చప్పుళ్ళ వర్ణన ఆవిడకి బాగా పట్టిందని అతను సంతోషించాడు.

తర్వాతి నెలల్లో జరిగినవన్నీ చిన్నచిన్న సంగతులు. లాండ్రీలో ఆవిడని కౌంటరు నుంచి మడతలు పెట్టే బల్ల దగ్గరికి మార్చారు. నిలబడలేక తనే అడిగి మార్పించుకున్నానంది. పొద్దున్నే తలనొప్పి అనేది. పాలు పొంగి స్టవ్వు మీద మాడితే పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. ధ్యాస ఎక్కడో ఉందని ఆవిడ నవ్వేసింది. ఒకరోజు అతని కప్పులో టీ పోస్తూ, కప్పు పక్కన బల్ల మీద పోసింది. కళ్ళజోడు మార్చాలన్నాడు అతను. కళ్ళ డాక్టరు కళ్ళలోకి లైటు వేసి చూసి, అద్దాల సంగతి ఎత్తకుండా, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరు చిన్నమ్మాయి, ఓపిక కలది. ఫిల్ములు చూసి, కాగితం తీసుకుని, ఒక్కొక్కటే అడుగుతూ రాసుకుంది. తలనొప్పి ఎప్పట్నుంచి? చూపు ఏ పక్క తగ్గింది? తర్వాత తల ఎత్తకుండానే, "వాసన ఎప్పట్నుంచి తెలియట్లేదు?" అంది.

"ఏడో ఏట నుంచండీ. జ్వరం వచ్చి," అన్నాడు ప్రళయం, అలవాటు కొద్దీ.

డాక్టరు తలెత్తింది. "మీకు కాదండీ. ఆవిడకి."

అతను అదేం ప్రశ్న అన్నట్టు భార్యకేసి తిరిగాడు. ఆవిడ గోడకున్న క్యాలెండరు వైపు చూస్తోంది.

"ఏడాదిన్నర," అంది.

ముక్కు వెనక, మెదడు కింద గడ్డ. మెల్లగా పెరిగే రకం. అది వచ్చినప్పుడు పంపే మొదటి కబురు వాసన పోవడమేనట. చాలామంది జలుబనుకుని ఊరుకుంటారట. ఏడాది కిందట వచ్చి ఉంటే తీసేయగలిగేవాళ్ళమనీ, ఇప్పుడది నరాల చుట్టూ అల్లుకుపోయిందనీ, కత్తి పెడితే బల్ల మీదే పోయే ప్రమాదం ఉందనీ డాక్టరమ్మ ఆవిడని బయట కూర్చోబెట్టి అతనికి చెప్పింది. అతను జాగ్రత్తగా విన్నాడు. ఏడాది అన్న మాట దగ్గర అతని చెవిలో మోత మొదలైంది. అది తన కథలో తనే రాసిన మోతేనని కూడా గుర్తించాడు.

ఇంటికి వచ్చాక, ఆవిడ పడుకున్నప్పుడు, ఏడాదిన్నర సంచికలు వరసగా తీసి, వంటగది బల్ల మీద పేర్చి, తన కథలు తనే చదివాడు. నాలుగు వేర్వేరు ప్రళయాల్లో ఇస్త్రీ పెట్టె కింద తడిగుడ్డ వాసన. మంచు కురిసి ఊరు చచ్చినా అదే, ఎడారి కమ్మినా అదే. పదేళ్ళ కిందటి కథలోంచి ఒక తుప్పు వాసన మాటకి మాట ఎత్తి రాసి ఉంది. అవతల ఎవరో ఏడాదిన్నర పాటు నెలకోసారి అచ్చులో కేక వేసి చెప్పారు. కత్తెర గారికి వినబడింది. రచయిత గారికి వినబడలేదు. ఉత్తరం మీద తేదీ చూశాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజుకి సరిగ్గా ఏడాది మీద తొమ్మిది రోజుల ముందు.

చెప్పేయాలనుకున్నాడు. మూడు వారాలు అనుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా లోకం మీదకి నిప్పులు కురిపించిన మనిషికి, నాలుగు వాక్యాల ఉత్తరం దాచానని భార్యకి చెప్పడానికి నోరు రాలేదు. మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఆవిడ మంచం మీద కూర్చుని, చూడనవసరం లేకుండా, అంచుకి అంచు తడిమి కలుపుతూ తువ్వాళ్ళు మడత పెడుతోంది. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదానిలో వెలుతురు మాత్రం తెలిసేది.

అతను పక్కన కూర్చుని, "నీకో సంగతి చెప్పాలి. కిందటేడు కత్తెర గారు నాకొక ఉత్తరం..." అన్నాడు.

"నీలం చొక్కా జేబులోది," అంది ఆవిడ.

అతని చెయ్యి తనంతట తనే జేబు దగ్గరికి వెళ్ళింది.

"చదివాను. జేబులు చూడకుండా బట్టలు తడిపేదాన్నా నేను? చదివి మళ్ళీ అక్కడే పెట్టాను." తువ్వాలు మీద చేత్తో రాసింది, ముడత పోయేలా. "మొదట జలుబే అనుకున్నానండీ. రెండు నెలలు చూశాను. చెబుదామని వచ్చేసరికి మీరు మంచు కథ మొదలుపెట్టారు. ఏడు సున్నాలు. ఎలా చెప్పను? నాకూ లేదంటే మీరు రాయడం మానేస్తారు. పాత సంచికలు తీసి, అందులోంచి ఎత్తి రాశాను. దొంగతనం చేసినట్టే ఉండేది."

"అది కాదు నేను చెప్పేది," అన్నాడు.

"వినండి. ఆ ఉత్తరం చదివిన రోజు భయమేసింది. ఇప్పుడు అడుగుతారు, ఏం చెప్పాలా అని. మీరొచ్చారు. ఏమీ అనలేదు. కూర్చుని రాశారు. మర్నాడు చూస్తే రెండే సున్నాలు." ఆవిడ చూపు లేని కన్నుతో సరిగ్గా అతను ఉన్న చోటికే చూసింది. "అప్పుడు అర్థమైంది, మీకు తెలిసిపోయిందని. నన్ను అడిగి చిన్నబుచ్చలేక, చప్పుళ్ళ మీదకి మళ్ళారని. ముక్కు లేకపోయినా కనిపెట్టాడే మా ఆయన, అనుకున్నాను. పెళ్ళయినప్పటినుంచి మీరు నాకు చేసినవాటిలో అదొక్కటి చాలండీ. తెలుసుగా మీకు? తెలిసే చేశారుగా?"

తనకి తెలియదన్నది నిజం. అడగకపోవడానికి కారణం జాలి కాదు, గర్వం. సున్నాలు తగ్గించింది ఆవిడ కోసం కాదు, ఒక సన్నపాటి ముసలాయన మీద కసితో. ఆ రోజు వీపు మీద పడ్డ చెయ్యికి అర్థం కూడా తనకి ఇప్పుడే తెలిసింది. ఇవన్నీ వరసగా చెప్పడానికే అతను ఆ మంచం మీద కూర్చున్నాడు. చెబితే తన గుండె తేలికవుతుంది. ఆ తేలికకి బదులుగా ఆవిడ దగ్గర మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది.

"ఊఁ," అన్నాడు.

ఆవిడ మడత పెట్టిన తువ్వాలు అతని ఒళ్ళో పెట్టి, ఇంకోటి అందుకుంది.

ఆ సంగతిని ఆవిడ తనలోనే దాచుకోలేకపోయింది. తను చెప్పకుండానే ఆయన కనిపెట్టాడని చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. లాండ్రీవాళ్ళకి చెప్పింది, పక్కింటివాళ్ళకి చెప్పింది. కొందరు ఇలాంటి భర్త ఎందరికి దొరుకుతాడని కళ్ళు తుడుచుకున్నారు. ఆ పొగడ్త మాత్రం అతనికి ఏ అవయవాన్నీ మొలిపించలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తగానే వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగేవాడు.

తమ్ముడికీ చెప్పింది. రోజూ వ్యానులో మూటలు దింపి నేరుగా వచ్చేవాడు అతను. ఆ సాయంత్రం అక్క దగ్గర కూర్చుని విన్నాడు. విని, బయట గదిలోకి వచ్చాడు. మధ్య తలుపు తీసే ఉంది. అతనితో ఎప్పుడూ ఉండే ఎకసెక్కం ఆ పూట మొహంలో లేదు.

"అక్క చెప్పింది బావా. నీకు ఏడాది కిందటే తెలుసట."

ప్రళయం కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"అదేదో గొప్పగా చెబుతోంది. నాకు మాత్రం తల తిరిగిపోతోంది. తెలిస్తే డాక్టరు దగ్గరికి తీసికెళ్ళవా? కథలో వాసనలు తగ్గించి కూర్చుంటావా?"

ప్రళయం తెరిచి ఉన్న మధ్య తలుపు వైపు చూశాడు.

"చూడు," అన్నాడు బావమరిది, గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు. "తెలియదని చెప్పు. నీకు ముక్కు లేదు, నీకెలా తెలుస్తుంది? ఏదో అక్క తృప్తి కోసం ఊఁ కొట్టానని చెప్పు, నేను నమ్ముతాను. ఆ ఒక్క మాట అను బావా. మళ్ళీ ఈ ఊసెత్తను."

లోపల మంచం కిర్రుమంది. ఆవిడ తలుపు వైపు ఒత్తిగిల్లింది. చూపు తగ్గినకొద్దీ ఆవిడకి చెవులు పదునెక్కాయి. మెట్ల మీద ఎవరెక్కుతున్నారో మొదటి అంతస్తులో ఉండగానే చెప్పేది.

"తెలుసు," అన్నాడు ప్రళయం, లోపలికి వినబడేలా.

బావమరిది ఇంకొక్క నిమిషం ఆగాడు, అతను ఆ మాట వెనక్కి తీసుకుంటాడేమోనని. తర్వాత బల్ల మీదున్న వ్యాను తాళాలు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"వాడు టీ తాగి వెళ్ళాడా?" అంది ఆవిడ లోపలినుంచి.

"లేదు."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది."

"వాడంతే. చిన్నప్పటినుంచీ అంతే. రెండు రోజుల్లో వాడే వస్తాడు లెండి."

రెండు రోజుల్లో రాలేదు. మెట్ల మీద అడుగు వినబడినప్పుడల్లా ఆవిడ తల కొద్దిగా ఎత్తి, కాదని తెలుసుకుని మళ్ళీ దించేది. వాడికి వ్యాను పని ఎక్కువై ఉంటుందని అతనికే సర్దిచెప్పేది. వారం తిరక్కుండా చెవులూ మందగించాయి. చివరి మూడు రోజులూ చెయ్యి పట్టుకుంటే మాత్రం తెలిసేది. అతని చెయ్యి అనీ, ఇంకొకరిది కాదనీ.

బావమరిది ఆ మాటలు జరిగిన పదకొండో రోజు పొద్దున వచ్చాడు, ఆవిడ పోయిందని కబురు పెడితే. ఎత్తవలసినప్పుడు మంచానికి తల వైపు అతను పట్టుకున్నాడు, కాళ్ళ వైపు ప్రళయం పట్టుకున్నాడు. మూడు అంతస్తులు దిగాలి, మెట్లు ఇరుకు. మలుపు దగ్గర "కాస్త కిందికి", "ఇటు తిప్పాలి" అని మాట్లాడుకోక తప్పలేదు. ప్రతిసారీ మాట చివర బావా అని రావలసిన చోట బావమరిది ఆగిపోయాడు.